మెయిన్‌కు ముందరి తీగ

పొన్నేరిలో మోటార్లు చుట్టే, ఇళ్లకు వైరింగు వేసే రత్నస్వామికి ఒక చాదస్తం ఉండేది. ఎవరింటికి వెళ్లినా, బయలుదేరేముందు వాళ్ల మెయిన్ స్విచ్చి వైపు ఒక చూపు చూడాల్సిందే. ఒకసారి అత్తగారింట్లో గ్రైండర్‌లో పిండి సగం నలుగుతుండగానే మెయిన్ ఆపేసి, పండగపూట అందరికీ ఇడ్లీలు లేకుండా చేసిన ఘనుడు. అయినా ఆయన్ను ఏమనడానికీ లేదు. ఇరవై ఏళ్లలో ఆయన వేసిన వైరింగుతో ఒక్కరికీ షాక్ కొట్టలేదు. ఆ సంగతి ఆయనే రోజుకు రెండుసార్లు గుర్తుచేసేవాడు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో చేపల రేవు పళవేర్కాడు నుంచి ఆరోగ్యమేరి వచ్చింది. మొగుడు పోయాక అతని చేపల పడవను మరిది చేత నడిపిస్తున్న మనిషి. పాత పడవ, అతుకుల్లోంచి నీళ్లు ఊరేవి. రోజూ తెల్లవారగానే డబ్బాతో తోడితోడి ఆమె కుడిభుజం పడిపోయింది. మద్రాసులో కొన్న చిన్న పంపును సంచిలోంచి తీసి చూపించింది. పడవ అడుగున నీళ్లు పెరిగితే తేలుడు స్విచ్చి పైకి లేస్తుంది, పంపు తనంతట తానే నడుస్తుంది.

రత్నస్వామికి పడవ పని అదే మొదలు. మోటారు ఎక్కడున్నా మోటారే కదా అనుకున్నాడు. బ్యాటరీ, దానికొక మెయిన్, ఆ తర్వాతే లైటూ పంపూ. ఇంట్లో వేసినట్టే ముచ్చటగా వేశాడు.

"దిగేటప్పుడు మెయిన్ ఆఫ్ చేయాల. మరిచిపోవద్దమ్మా" అని మూడుసార్లు చెప్పాడు.

తెల్లారి మెయిన్ వేయగానే పంపు నీళ్లన్నీ తోడేసేది. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. దీపావళి వచ్చే ఐప్పసి నెల వానలు పట్టుకున్నాక కబురొచ్చింది, రేవులో కట్టిన పడవ మునిగిపోయిందని.

ఆయన వెళ్లేసరికి పడవను తోడి తేల్చారు. ఇంజన్ నిండా ఉప్పునీళ్లు. "వాన అట్లా కొట్టింది, నువ్వేం చేస్తావు సామీ" అన్నారు రేవులో వాళ్లు. పడవలోని స్విచ్చి పెట్టె తెరిచాడు. ఆయన చెప్పినట్టే మెయిన్ కిందికి దించి, ఆఫ్ చేసి ఉంది. పంపును ఆ మెయిన్ తర్వాతే కదా కలిపింది అని అప్పుడు తట్టింది. వాన మీదికి నెట్టేసి ఊరుకున్నా అడిగేవాడు లేడు.

ఆరోగ్యమేరి దగ్గరికొచ్చింది. "అన్నా, నేను మెయిన్ ఒక దినం గూడా మరవలేదు. ఇంకేం తప్పు చేసినానో తెలీలేదు. మరిది మొగం చూడలేక నిన్నట్నుంచి కూడు దిగలేదు."

ఆ మాట ఆయన తట్టుకోలేకపోయాడు. మరిదికీ రేవుకంతా వినబడేలా అన్నాడు: "నువ్వేం తప్పు చేయలేదమ్మా. నేను చెప్పిందే చేసినావు. మెయిన్ ఆపితే పంపుకు కరెంటు యాడిది? పడవను ముంచినోణ్ణి నేను. ఇంజన్ నేనే బాగు చేయించిస్తాను."

ఇంకో బ్యాటరీ తెప్పించి, మెయిన్‌కు ముందే ఒక తీగ విడిగా తీసి, ఫ్యూజు మీదుగా తేలుడు స్విచ్చికి కలిపాడు.

"ఇప్పుడు గూడా మెయిన్ ఆఫ్ చేయాల్నా అన్నా?"

"చేయాల. ఈ తూరి నా మాట నమ్మొద్దు. నువ్వే నీళ్లు పోసి చూడు."

ఆమె మెయిన్ దించి, ఎడమచేత్తో బిందె వెనక బిందె పడవలోకి పోసింది. ఏడో బిందెకు పంపు గుర్రుమని నీళ్లను బయటికి చిమ్మింది. అది ఆగేదాకా ఆమె కదలలేదు. ఆ తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంది.

"రా అన్నా, కూడు తిందాం" అంది.