గట్టు ఎవరి మోచేతికి?

మా ఇంట్లో వంట తాతయ్యది. తాటిచెట్టంత మనిషి, పొట్టి గట్టు మీదికి వంగి వంగి నడుము పట్టేసింది. వంటగది మార్చడానికి వచ్చిన మేస్త్రి, "వండేవాళ్లు నిలబడండి. మోచేతికి బెత్తెడు కిందకి గట్టు కడతా," అన్నాడు.

మనిషిని బట్టి గట్టా! నాకు భలే వింతగా అనిపించింది.

మగాడు వండుతాడని తెలిస్తే పరువు పోతుందని పొట్టి నానమ్మ ముందుకొచ్చింది. తాతయ్య పక్కకి తప్పుకున్నాడు. ఇక జన్మంతా వంగాల్సిందే!

"నానమ్మా, ఉప్పు డబ్బా ఎక్కడుంటుందే?" అన్నాను.

నానమ్మ కింది అరల్లో వెతకసాగింది.

"పై అరలో," అనేశాడు తాతయ్య ఆగలేక.

మేస్త్రి నవ్వుతూ టేపు ఆయన మోచేతికి ఆనించాడు.

"మధ్యలో వేసే బల్ల మాత్రం నా ఎత్తుకే ఉండాలి," అంది నానమ్మ. "కూర్చుని పెత్తనం చెయ్యొద్దూ?"