గడిలో పట్టినంత

మిల్లులో ఆమెను అందరూ కంప్యూటరక్క అంటారు. జీతాల గదిలో కిటికీ పక్క బల్ల ఆమెది. కొత్తగా ఎవరైనా పనిలో చేరితే ఫొటో తీసి గుర్తింపు కార్డు ముద్రించేది పక్కగదిలోని కార్డులాయన. ఆ ఫొటోను డేటాబేసు పట్టికలో, ఆ మనిషి నంబరుకు ఎదురుగా దాచేది ఈమె. ఆ పట్టికను తయారుచేసినవాడు ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు.

ఆమె చెల్లెలు అదే మిల్లులో ప్యాకింగులో పనిచేసేది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చారు. తిరిగి రాలేదు. సెలవు అయిపోగానే కంప్యూటరక్క వచ్చి తన కుర్చీలో కూర్చుంది. పట్టికలో చెల్లెలి వరుసలో 'పనిలో ఉన్నారు' అన్నదాన్ని 'లేరు' అని మార్చిందీ ఆమే. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాకపోయేసరికి తర్వాతి పని అందుకుంది.

అమ్మది మాత్రం ఒకటే పాట. "దాని ఫొటో ఒకటి పెద్దది చేయించి పెట్టవే. మొహం మరిచిపోతానేమోనని భయంగా ఉంది."

ఇంట్లో ఫొటోలు లేక కాదు. ఎవరైనా తీయబోతే చాలు, చిన్నది చెయ్యి అడ్డం పెట్టేది, లేదా తల తిప్పేసుకునేది. అన్నింట్లోనూ దాని జడ, చెవి, అరచెయ్యి ఉన్నాయి. బుద్ధిగా ఎదురుగా కూర్చున్నది మిల్లు కార్డు కోసం ఒక్కసారే. ఆ కార్డేమో ఆసుపత్రిలో బట్టలతోపాటు ఎటో పోయింది.

"నా దగ్గరుందిలే అమ్మా, తెస్తాను" అంది కంప్యూటరక్క.

అందరూ భోజనాలకు లేచాక చెల్లెలి నంబరు కొట్టింది. పట్టికలో ఫొటో ఫొటోలా ఉండదు, తలా తోకా లేని అంకెల ముద్దలా ఉంటుంది. దాన్ని బయటికి తీసి, ఫైలుగా మార్చి తెరవాలి. మిల్లులో ఆ అవసరం ఇంతవరకూ ఎవరికీ పడలేదు. పెట్టడమే గానీ తీసి చూసింది లేదు.

తెరిచింది. పాపిట, నుదురు, చిరాగ్గా చూస్తున్న కళ్ళు. ముక్కు సగం దాకా వచ్చి బొమ్మ ఆగిపోయింది. కింద అంతా బూడిదరంగు.

మళ్ళీ తీసింది. అంతే. ఇంకెవరిదో తీసి చూసింది. అతనికి మీసం దాకా ఉంది. అప్పుడు పట్టిక ఎలా కట్టారో చూసింది. ఫొటో గడిలో అరవై నాలుగు కిలోబైట్లకు మించి పట్టదు. అంతకన్నా పెద్దదొస్తే పట్టినంత పెట్టుకుని మిగతాది వదిలేసింది. పట్టలేదని ఒక్క మాట చెప్పలేదు.

ఆ సగం మొహాన్నే కాగితం మీద తీసుకుని పక్కగది గుమ్మంలో నిలబడింది. "బాబాయ్, కెమెరాలో పాత ఫొటోలు ఉన్నాయా?"

"నా దగ్గరెందుకుంటాయమ్మా? నీ దగ్గర భద్రంగా ఉన్నాయి కదాని ఏ నెలకానెల తుడిచేస్తా." కార్డులాయన కాగితం అందుకుని వెలుగులో పట్టి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "నీ గడ్డం, దాని గడ్డం ఒకే అచ్చు. అలా కూర్చో, నిన్ను తీసి కింద అతికిస్తా. మీ అమ్మకి తెలీదు" అన్నాడు.

"ఇద్దర్నీ కన్నది బాబాయ్. అతుకు తెలీదా?"

సాయంత్రం అమ్మ ఆ కాగితాన్ని దీపం కిందికి పట్టుకెళ్ళి చూసింది.

"కింద ఏమైందే?"

"అక్కడిదాకే పట్టిందమ్మా."

"పడుతుందా మరి! దాని నోరు ఎందులో పట్టింది గనక!"

అమ్మ బూడిదరంగు భాగాన్ని వెనక్కి మడిచి, కాగితాన్ని అలమారలో గ్లాసుకు ఆనించి నిలబెట్టింది. "పొద్దున్నే లేపితే ఇలాగే చూసేది" అంది. కంప్యూటరక్క కంచాలు కడిగి పడుకుంది.

మర్నాడు ఆమె ఫొటో గడిని పెద్దది చేసింది. అది కొత్తవాళ్ళకే పనికొస్తుంది. పాతవాళ్ళలో పనిలో ఉన్నవాళ్ళను మళ్ళీ కూర్చోబెట్టి తీయొచ్చు.

ప్యాకింగులో చెల్లెలి చోటుకు ఒకమ్మాయి వచ్చింది. కంప్యూటరక్క ఆమె ఫొటోను పట్టికలో పెట్టి, వెంటనే బయటికి తీసి తెరిచింది. నుదురు, కళ్ళు, ముక్కు, నోరు, గడ్డం. గడ్డం కింద మెడ దగ్గరి గుండీ కూడా ఉంది.

"సరిగ్గా పడ్డానా అక్కా?" అంది ఆ అమ్మాయి, బల్ల మీదికి వంగి.

"పడ్డావు" అంది కంప్యూటరక్క. "మొత్తం పడ్డావు."