గ్వెల్ఫ్ టౌన్‌హౌస్‌కి జడ్జి కావలెను

ఇప్పటి పిల్లలు కెనడా వచ్చేముందే ఇక్కడి సంగతులన్నీ యూట్యూబ్‌లో చూసుకుని మరీ విమానం ఎక్కుతున్నారు. మేం వచ్చిన రోజులు వేరు. ఎటు చూసినా విద్యార్థులే, కాలేజీలో సీటు దొరికినంత తేలికగా పడుకోవడానికి చోటు దొరికేది కాదు. అప్పట్లో మాకు పుష్కలంగా ఉన్నవి రెండే: చలి, రాజకీయం. చలి ఈ దేశమిచ్చింది. రాజకీయం మాత్రం మేమే సూట్‌కేసుల్లో పెట్టుకుని వచ్చాం (ఎయిర్‌పోర్టులో తూకం వేసినప్పుడు ఎవరూ పట్టుకోలేదు).

గ్వెల్ఫ్‌లో మాదొక టౌన్‌హౌస్. మేడమీద ముగ్గురమ్మాయిలు, బేస్‌మెంట్‌లో ముగ్గురు. మధ్య అంతస్తులో చిన్న గదిలో కర్నూలు అక్క, ఆ గది బయట హాల్లో తాడుకి కట్టిన దుప్పటి వెనక నేను. వేడి పైకి పోతుంది కాబట్టి మేడమీదవాళ్ళు ఉడికిపోతూ హీటర్ తగ్గించమనేవారు, బేస్‌మెంట్ వాళ్ళు గడ్డకట్టుకుపోతూ పెంచమనేవారు. ఇల్లంతటికీ థర్మోస్టాట్ ఒక్కటే, ఓట్లేమో మూడూ మూడూ (హాల్లో పడుకునేవాళ్ళకి ఓటు లేదు, అద్దె మాత్రం ఉంది). అందుకని అందరికన్నా సీనియరైన కర్నూలు అక్కని జడ్జిగా పెట్టుకున్నారు. ఆమె మాటే ఆఖరి మాట. ఆ పదవితో పాటు ఆ చిన్న గది కూడా ఆమెదే. ఆమె ఎప్పుడూ హీటర్ పెంచమనే తీర్పిచ్చేది. పేదల పెన్నిధి అని బేస్‌మెంట్ వాళ్ళు ఆమెకి దండం పెట్టేవారు.

జనవరిలో ఆమెకి అల్బర్టాలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. అందరికీ జడ్జి పదవి ఖాళీ అయింది, నాకు మాత్రం ఆ గదికున్న తలుపు ఖాళీ అయింది. హాల్లో నేను బట్టలు మార్చుకోవాలంటే బాత్రూం ముందు లైన్లో నిలబడాలి. అమ్మతో ఫోన్‌లో గుసగుసగా ఏడిస్తే, మర్నాడు ఏడుగురు పరామర్శించేవారు. ఆ తలుపు కోసం ప్రాణం పెట్టేదాన్ని. బేస్‌మెంట్ పార్టీ నాయకురాలు భీమవరం అక్క నా పేరు ప్రతిపాదించేసరికి పొంగిపోయాను.

ఖర్మ కాలి, సరిగ్గా అప్పుడే పక్క దేశంలో పెద్దకోర్టు జడ్జి నియామకం మీద రెండు పార్టీలూ జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నాయి. కెనడాలో అయితే ప్రధాని పేరు చెప్తాడు, ఆ జడ్జి వచ్చి కూర్చుంటారు, ఎవరికీ పట్టదు. అంత చప్పిడి కూడు మాకెలా రుచిస్తుంది? ఆ దేశం మాది కాదు, మేముంటున్నదీ కాదు, అయినా పాత విచారణలతో సహా లాప్‌టాప్‌లో చూసి, నాకూ అలాంటి విచారణే పెట్టారు. హీటర్ ఎంతలో పెడతావని మేడమీద నాయకురాలు వరంగల్ అక్క అడిగింది. రేపు నా ముందుకు రాబోయే విషయం మీద ఈరోజు మాట్లాడకూడదని, అచ్చం ఆ వీడియోల్లో చెప్పినట్టే చెప్పాను. ఆమె వాట్సాప్ తవ్వి, రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకున్న నా పాత ఫోటో తీసి, ఇదిగో పక్షపాతం అని అందరికీ చూపించింది. తర్వాత బ్రహ్మాస్త్రం తీసింది.

"లీజు ఏప్రిల్‌ల అయిపోతది. కొత్తగొచ్చేటోళ్ళు తేల్చుకుంటరు గని, పోయేటోళ్ళం మనమెట్ల పెడ్తం జడ్జిని? అది పద్ధతి గాదు."

ఎంత గొప్ప సూత్రమో అని నాకే ఒళ్ళు పులకరించింది. మూడూ మూడూ ఓట్లు పడ్డాయి, పదవి అలాగే ఉండిపోయింది, గదికి తాళం పడింది.

మార్చిలో బేస్‌మెంట్ పిల్ల ఒకతె ఏజాక్స్‌లో బాబాయి ఇంటికి మారిపోయింది. ఇక మేడమీద ముగ్గురు, కింద ఇద్దరు. కింద ఆ ఖాళీ నిండి ఓట్లు మళ్ళీ సమానమయ్యేలోపే తమ జడ్జిని కూర్చోబెట్టాలని మేడమీదవాళ్ళ ఆత్రం. ఆ సాయంత్రమే వరంగల్ అక్క నా దుప్పటి పక్కకి తీసి కూర్చుంది. "హీటర్ ఇరవై దాటనియ్యనని ఒక్క మాట చెప్పు చెల్లె. ఇప్పుడే గది నీది."

ఒక్క మాట చెప్పేస్తే పోయేది. కానీ అన్ని విచారణలు చూసి చూసి నేను నిజంగానే జడ్జినైపోయాననుకున్నాను. ముందే తీర్పు చెప్పడం న్యాయమూర్తి లక్షణం కాదన్నాను. నీ ఖర్మ అన్నట్టు చూసి లేచి వెళ్ళిపోయింది. సంగతి విని అమ్మ ఫోన్‌లో తల బాదుకుంది: "హాల్లో పడుకునే న్యాయమూర్తివి నువ్వు. ఊ అంటే నీ సొమ్మేం పోయిందే?"

ఆ ఒక్క మాటా మేడమీద నెల్లూరు పిల్ల చెప్పింది. మరి ఏప్రిల్ లీజు సంగతేమిటని భీమవరం అక్క అడిగితే, అప్పటి ముచ్చట వేరు, ఇప్పటి ముచ్చట వేరు అని వరంగల్ అక్క కన్నార్పకుండా చెప్పింది. సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. టీ మరిగేలోపు విచారణ, ఓటింగు రెండూ అయిపోయాయి. నెల్లూరు పిల్ల పరుపు ఈడ్చుకుంటూ గదిలోకి వెళ్ళింది.

తెల్లారి బయటికొచ్చిన జడ్జిగారి పెదాలు నీలంగా ఉన్నాయి. వస్తూనే మొదటి తీర్పు: హీటర్ ఇరవై మూడు. ఆ గది గ్యారేజీ మీద కట్టింది, నేలలోంచే చలి తన్నుకొస్తుంది. కర్నూలు అక్క పేదల పెన్నిధి ఎందుకయిందో అందరికీ అప్పుడర్థమైంది. నిన్నటిదాకా నెల్లూరు పిల్లని తొత్తు అన్న బేస్‌మెంట్ వాళ్ళు అల్లం టీ పెట్టి ఇచ్చారు. ఆకాశానికెత్తిన మేడమీదవాళ్ళు ద్రోహి అన్నారు. జడ్జిని దింపెయ్యాలని వరంగల్ అక్క, జడ్జిని దింపడం మహాపాపమని భీమవరం అక్క. హీటర్ పెంచినా ఆ గది మాత్రం వెచ్చబడలేదు. రెండు రోజులు చూసి జడ్జిగారు పరుపుతో సహా హాల్లోకి, నా పక్కకి వచ్చి పడ్డారు.

గది ఖాళీ. నేను వెళ్ళనా అని అడిగాను. దెబ్బలాటలో ఉన్నవాళ్ళు తల కూడా తిప్పకుండా పొమ్మన్నారు. విచారణ లేదు, ఓటు లేదు, హీటర్ మీద నా అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు.

వింటర్ జాకెట్, మంకీ క్యాప్, రెండు జతల సాక్సులు వేసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. నమ్మకం కుదరక తీసి మళ్ళీ వేశాను. నోరు తెరిస్తే పొగ. ఇప్పుడు మిల్టన్‌లో నా ఇంట్లో కూర్చుని, అప్పటి నన్ను, ఆ పిచ్చిపిల్లని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. ముక్కు ఎర్రగా, పళ్ళు టకటకలాడుతూ, అమ్మకి ఫోన్ చేసి, ఈ దేశానికొచ్చాక మొదటిసారి గొంతెత్తి మాట్లాడింది:

"గది వచ్చిందమ్మా."