ఎండొచ్చాక వాడిపోయిన పత్తి: నందిగామ నుంచి పెనుగంచిప్రోలు

ఈ ప్రయాణం సరదాకి చేసింది కాదు, ముందే చెప్పేస్తున్నాను. పెనుగంచిప్రోలులో రెండెకరాలు కౌలుకి తీసుకుని పత్తి వేసిన మా రూతక్క పోయిన ఆదివారం ఫోన్ చేసింది. మూడు రోజుల వాన ఆగింది, చేలో నీళ్ళు నిలిచాయి, గట్టు కొట్టి కాలవ తీయించాలా అని అడిగింది. "ఆకు పచ్చగానే ఉందిగా? ఎండ కూడా వస్తోందిగా? ఇంకేంటక్కా, ఆకు ఆహారం తయారుచేసుకుంటుంది, మొక్క తేరుకుంటుంది" అన్నాను. నందిగామలో ఇరవై ఏళ్ళుగా తొమ్మిదో తరగతికి సైన్సు చెప్తున్నవాణ్ణి కదా, అక్క నా మాట నమ్మి కాలవ తీయించలేదు. గురువారం మళ్ళీ ఫోను. "చేను వాలిపోతోందిరా" అంది.

శుక్రవారం సెలవు పెట్టి ఉదయం ఆరున్నరకి నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట ఆర్డినరీ ఎక్కాను. టికెట్టు నలభై ఐదు, దాదాపు గంట ప్రయాణం. చిల్లకల్లు దాకా హైవే పక్కన చేలన్నీ నీళ్ళతో మెరుస్తున్నాయి. అందంగా ఉందని ముందు సీటాయన వీడియో తీసుకుంటున్నాడు. ఆయన మీద ఒళ్ళు మండిపోయింది, తప్పు ఆయనది కాకపోయినా.

పేటలో పురుగుమందుల కొట్టు ఎనిమిదిన్నరకి గాని తెరవరు. అప్పటిదాకా బస్టాండు ఎదుట బండి దగ్గర ముప్పై రూపాయలకి నాలుగు ఇడ్లీలు తినొచ్చు. అల్లం చట్నీ బాగుంటుంది గాని నేను రెండు వదిలేసి కొట్టు ముందుకెళ్ళి నిలబడ్డాను. కొట్టు తెరవగానే, వాడిపోయిన పత్తికి ఏదైనా మందివ్వమన్నాను.

"వేరు పీకి చూశారా సార్?" అన్నాడు కొట్టాయన.

"లేదండి."

"చూడకుండా మందేంటండి! నీళ్ళు నిలిచి ఎన్నాళ్ళయింది?"

"వారం కావస్తోంది."

"ముందు నీళ్ళు తీయించండి. మందు సంగతి తర్వాత చూద్దాం." అమ్ముకునేవాడే వద్దన్నాడు. ఉత్త చేతులతో బయటికొచ్చాను.

పెనుగంచిప్రోలుకి షేర్ ఆటో నలభై, నిండితే గాని కదలదు. "గుడికాండీ?" అన్నాడు డ్రైవరు. చేనుకి అన్నాను. "ఈ వానలకి చేలల్లో చూట్టానికేముందండీ, ఏడవటానికి తప్ప" అని నవ్వాడు. పదిన్నరకల్లా చేలో ఉన్నాను.

అక్క చేను పాదాల లోతు నీళ్ళలో నిలబడి, దాహంతో ఉన్నట్టు తలలు వాల్చేసింది. గట్టుకి అవతల, పక్క రైతు కాశిం గారి చేను అదే వానకి తడిసి, అదే ఎండకి నిటారుగా ఉంది. ఒక మొక్క పీకాను. వేరు నల్లబడి, పట్టుకుంటే తొక్క ఊడొచ్చింది. మురుగు కంపు.

"మీది ఎలా నిలబడిందండీ?" అని కాశిం గారిని అడిగాను.

"ఆదివారమే కాలవ తీసేసానండి. వేరుక్కూడా ఊపిరాడాలి కదా" అన్నారు. "అక్కది కూడా నేనే తీసేస్తానన్నానండి. తమ్ముడు అక్కర్లేదన్నాడంది."

ఏటా బోర్డు మీద నేను గీసే బొమ్మ ఒకటుంది. ఎండని పట్టుకుని, నీటితో, కార్బన్ డయాక్సైడ్‌తో ఆకు చక్కెర చేస్తుంది, ఆక్సిజన్ వదులుతుంది. అదే చక్కెరని ఆక్సిజన్‌తో మండించి ప్రతి కణమూ శక్తి తీసుకుంటుంది, నీటినీ కార్బన్ డయాక్సైడ్‌నీ తిరిగిస్తుంది. ఒకదాని మిగులు ఇంకొకదానికి ముడిసరుకు. చుట్టూ బాణాలు వేసి, ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయేవాణ్ణి. ఆ బొమ్మలో వేరు గీయలేదు. ఆకు ఎంత చక్కెర పంపినా, మట్టి సందుల్లో గాలి లేకపోతే వేరు దాన్ని మండించుకోలేదు. శక్తి లేని వేరు నీళ్ళ మధ్యనే ఉండి నీళ్ళు తాగలేదు. అప్పుడు ఆకులో ఉన్న నీళ్ళని ఆవిరి చేసే ఎండ కూడా మొక్కకి శత్రువే. పాఠం నాకు వచ్చు, అక్క అడిగినప్పుడే గుర్తు రాలేదు.

నేనూ అక్కా గట్టు కొట్టాం. గంటలో నీళ్ళన్నీ పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఆదివారం నేను వద్దన్నది ఈ గంట పనినే.

మధ్యాహ్నం చెట్టు కింద అక్క గోంగూర పచ్చడితో అన్నం పెట్టింది, పిల్లల చదువులు అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి కడుక్కుంటుంటే గట్టు మీదుగా కాశిం గారు వెళ్తున్నారు. "అన్నా, ఇది పీకేసి ఏం వెయ్యమంటావు?" అని అక్క ఆయన్ని కేకేసి అడిగింది. నేను పక్కనే ఉన్నాను. ఏ పంటకైనా ముందు నాకే ఫోన్ చేసే మనిషి, నా వైపు చూడనైనా చూడలేదు.

మూడింటి ఆటోకి తిరిగొచ్చాను. సోమవారం తొమ్మిదో తరగతిలో మళ్ళీ ఆ బొమ్మే గీయాలి. నలభై మంది పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటారు, అక్కలాగే నమ్ముతారు. అదే నాకు భయంగా ఉంది. వానలు ఆగాక మీరూ ఇలా ఎవరి చేనుకైనా బయల్దేరితే ఒక్కటే సలహా: ఫోన్‌లో ఆకు రంగు అడిగి తీర్పు చెప్పకండి. మొదటి బస్సెక్కి వెళ్ళి, ఒక మొక్క పీకి, వేరు వాసన చూశాకే నోరు తెరవండి.