జ్వరం చెట్టు పువ్వు

నేను నంద్యాలలో బాటనీ డిగ్రీ చదివాను. దానివల్ల ఇంతవరకూ కలిగిన లాభం, ఇంట్లో కూరగాయలు తెచ్చే పని శాశ్వతంగా నాకు దక్కడం. అందుకే ఆళ్లగడ్డ నుంచి మా బావ ఫోన్ చేసి ఒక పువ్వేదో తేల్చాలనగానే, ఉద్యోగం వచ్చినంత సంబరంగా బస్సెక్కాను.

బావ శిల్పి. తామరపువ్వయితే నిద్రలో కూడా చెక్కుతాడు. కానీ పరుపులు కుట్టే చాచా ఒకాయన, వాళ్లమ్మ సమాధి రాయి మీద తామర వద్దన్నాడట. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆమె ఏదో మొక్క పీకి, నలిపి, తడిగుడ్డలో పెట్టి నుదుటికి అదిమేదట. జ్వరం చెట్టు అనేదట. ఆ పువ్వే కావాలి. రంగు ఊదా అన్నాడు, తెలుపేమో అని కూడా అన్నాడు.

"తప్పు చెక్కితే తుడిపేకి రాదప్పా. పలక గాదు ఇది," అన్నాడు బావ.

చేల గట్లన్నీ తిరిగి గుంటగలగర, గడ్డిచామంతి, సహదేవి తెచ్చాను. మూడూ చామంతి కుటుంబమే. వాటిలో గడ్డిచామంతి మన దేశానిదే కాదు, ఎవరూ అడగలేదు కాబట్టి ఉండిపోయింది. ఫోన్‌లో యాప్ మూడు మొక్కలకు నాలుగు పేర్లు చెప్పింది. చాచా ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూసి, అన్నీ బాగున్నాయన్నాడు, పెళ్లిచూపుల్లో మొహమాటపడే వాడిలా.

"జొరంలో కండ్లు మూసుకోనుంటి కదప్పా, యాడ చూసింటా?"

"అయితే ఇప్పుడూ మూసుకో చాచా," అన్నాను నవ్వులాటకి.

ఆయన నిజంగానే, సగం చెక్కిన నంది పక్కనున్న బండ మీద పడుకున్నాడు.

బావ తువ్వాలు తడిపి, ఒక్కో మొక్కనీ నలిపి అందులో పెట్టాం. గుంటగలగర ఆయన నుదురు నల్లగా చేసింది, అంతకుమించి ఏమీ చేయలేదు. గడ్డిచామంతి గరుకుగా ఉందన్నాడు. సహదేవి పెట్టి నేను అదిమాక ఒళ్లు వదిలేశాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. బావ మాత్రం ఉలి చప్పుడు ఆపమని పనివాళ్లకు సైగ చేశాడు.

కాసేపటికి చాచా, "చెయ్యి తియ్యొద్దు నాయనా," అన్నాడు.

నా చెయ్యి తిమ్మిరెక్కింది. తీయలేదు.

సహదేవికి రేకులుండవు. చిన్న కుంచె మొనలా నాలుగు ఊదా పోగులు, అంతే. ఇంత చిన్నది రాయి మీద కనపడదు, పెద్దది చేసి చెక్కుతానన్నాడు బావ.

"ఎంతుంటే అంతే చెక్కప్పా. మా అమ్మ గూడా పొట్టిదే," అన్నాడు చాచా, లేచి కూర్చుంటూ.

అడుగుల కొలతల్లో తప్ప ఆలోచించని మా బావ, అన్నిటికంటే సన్నటి ఉలి కోసం పనిముట్ల పెట్టె మొత్తం నేలమీద బోర్లించాడు.