గోల్ కీపర్ నిద్ర మీద పందెం

మెర్డెకా నాడు దేశమంతా స్వాతంత్ర్యం వచ్చిందని గంతులేస్తుంటే, మా ఇంట్లో రేడియో పోయిందని మౌనవ్రతం నడిచింది. దొంగలు ఎత్తుకుపోలేదు. అడవిలోంచి గెరిల్లాలెవరూ దిగిరాలేదు. నేనే ఫుట్‌బాల్ పందెంలో పోగొట్టాను. ఇప్పుడు పాపా పడుకుంది, మావారూ పడుకున్నారు. జరిగింది జరిగినట్టు రాస్తాను. మీరు నవ్వినా నాకు వినిపించదు కదా!

సుంగై సిపుట్ అనే ఊరి దగ్గర రబ్బరు ఎస్టేటులో ఉంటాం మేము. మావారు ఆఫీసులో గుమాస్తా, ఇక్కడి మలయ్ మాటలో కిరాణీ. ఫుట్‌బాల్ ఆడే ఎస్టేటు జట్లలో పై తరగతి, కింది తరగతి ఉండేవి. మా ఆఫీసు జట్టు కింది తరగతిలోనూ అడుగున ఉండేది. ఆ కిందంటే ఇక గడ్డే. దానికి గోల్ కీపర్ మావారు. ఆయన చేతులు పొడుగు, పరుగు తక్కువ. అందుకని పరిగెత్తక్కర్లేని చోట నిలబెట్టారు.

మగవాళ్ల పందేలు వాళ్లవి. ఆడవాళ్లం వంటింటి సరుకుల మీద కాసేవాళ్లం: కొబ్బరికాయ, గుమ్మడికాయ, ఎండుచేపల పొట్లం. మా నాన్న నన్ను విశాఖపట్నం పంపి తర్కశాస్త్రం చదివించారు. ఆ చదువు ఇక్కడ తుప్పు పడుతోందని జాలేసి, పందేల్లోకి దింపాను.

అవి ఎమర్జెన్సీ రోజులు. అడవిలో దాగిన కమ్యూనిస్టు గెరిల్లాల భయంతో ఇళ్ల చుట్టూ ముళ్లకంచె, పొద్దువాలితే కర్ఫ్యూ. మగవాళ్లు వంతులవారీగా రాత్రంతా కంచె దగ్గర హోంగార్డులుగా కాపలా కాయాలి. రాత్రంతా మేలుకున్న గోల్ కీపర్ మర్నాటి ఆటలో కళ్లు తెరిచి నిలబడగలడా? నిలబడలేడు. కాబట్టి ఎవరి గోల్ కీపర్ కాపలాకు వెళితే ఆ జట్టు ఓడాలి. ఎంత నున్నటి తర్కమో చూడండి! మొదటిసారి గుమ్మడికాయ గెలిచాను, అదృష్టమనుకున్నాను. రెండోసారి ఎండుచేపలు గెలిచాను, శాస్త్రమనుకున్నాను.

కాపలాకు ఎవరు వెళ్లారో కనిపెట్టడం నాకు చిటికెలో పని. పాప పుట్టాక నాకు నిద్రెక్కడిది? పాప ఏడుస్తుందని కాదు. చీర ఉయ్యాలలో వేస్తే బియ్యం బస్తాలా పడుకుంటుంది. నా భయమంతా అదే. అంత నిశ్శబ్దమేమిటి? వెళ్లి చూడ్డానికి ధైర్యం చాలక మావారిని లేపేదాన్ని.

"ఏమండీ, ఊపిరాడుతోందేమో చూడండి."

ఆయన తూలుతూ లేచి, పాప ముక్కు కింద వేలుపెట్టి, "ఆడతంది లా, పడుకో" అని మంచం మీద కూలేవారు. మాట చివర ఆ 'లా' ఇక్కడి గాలికి అంటుకున్న అలవాటు. కాస్త కన్నంటుకోగానే మళ్లీ లేపేదాన్ని. తల్లి మనసు, ఏం చేయను!

మెర్డెకా దగ్గరపడ్డ రోజుల్లో మాకూ ఎస్టేటు రబ్బరు ఫ్యాక్టరీ జట్టుకూ ఆట పడింది. వాళ్ల గోల్ కీపర్ అప్పలస్వామి ముందురోజు సాయంత్రం తుపాకీ భుజాన వేసుకుని కాపలాకు వెళ్లడం కిటికీలోంచి కళ్లారా చూశాను. మర్నాడు పొద్దున్నే కుళాయి దగ్గర అతని భార్య నరసమ్మను పట్టుకున్నాను.

"నరసమ్మా, సాయంత్రం గెలుపు మావాళ్లదే."

"ఏటీ, మీ కిరాణీలా? కళ్లజోడు పగులుతాదని బంతికి ఈపు సూపించీవోళ్లు గెలుస్తారా?"

"పందెం?"

"పందెం! నా నల్లకోడి. రోజూ గుడ్డెడతాది. నువ్వేటి పెడతావు కిరాణీ అమ్మా? గుమ్మడికాయ తేకు, మా ఇంట్లో ఎవులూ తినరు. రేడియో పెట్టు లా. మెర్డెకా నాడు మా కూలి లైనిళ్లోళ్లందరం ఇంటాం."

ఆ బ్యాటరీ రేడియో మావారి ప్రాణం. రోజూ తుడిచి దుప్పటి కప్పుతారు. దానికి జోలపాట ఒక్కటే పాడరు. మెర్డెకా నాటి ప్రసారం వినడానికి కొత్త బ్యాటరీ కూడా తెచ్చి దాచారు. ఆయన్ని అడగొద్దా అంటారా? ఖాయంగా గెలిచే పందేనికి అడగడం దేనికండీ? పాపకు రోజుకో గుడ్డు! "సరే" అనేశాను.

సాయంత్రం పాపను ఎత్తుకుని మైదానానికి వెళ్లాను. కర్ఫ్యూ సైరన్ మోగిందంటే ఆట ముగిసినట్టే. అప్పలస్వామి ఎప్పుడు కునుకు తీస్తాడా అని చూస్తున్నాను. అతనేమో కొండముచ్చులా పైకెగురుతున్నాడు, పక్కకు దూకుతున్నాడు, పనిలేనప్పుడు గోలు కర్ర పట్టుకుని వేలాడుతున్నాడు.

"మీ ఆయనకు నిద్ర రావట్లేదా?"

"ఎందుకొస్తాది? రాత్రంతా తొంగున్నాడు కదా," అంది నరసమ్మ.

"కాపలాకు వెళ్లాడుగా?"

"అందుకే లా! ఇంటికాడ పిల్లల గోల. ఆడికి ఒళ్లు తెలీని నిద్ర కంచె కాడే."

రేడియో సంగతి తర్వాత, రాత్రిళ్లు మమ్మల్ని కాస్తున్నదెవరు? ఎస్టేటు మొత్తానికి మేలుకుని ఉన్నది నేనొక్కదాన్నేనా?

కాదు. ఇంకొకరున్నారు. భయంభయంగా మావారి వైపు తిరిగాను.

గోలు కర్రకు ఆనుకుని, చేతులు కట్టుకుని, హాయిగా నిద్రపోతున్నారు. అదే సమయానికి బంతి బయల్దేరింది. తన్నినవాడి కాలు జారడంతో అది సంతకు వెళ్లే ముసలమ్మలా నింపాదిగా దొర్లుతూ వస్తోంది. "ఏమండీ! లేవండీ!" అని అరిచాను. మైదానమంతా అరిచింది. పాప పడుకునే ఉంది, తండ్రీ పడుకునే ఉన్నారు. బంతి ఆయన కాళ్లను ఒరుసుకుంటూ లోపలికి వెళ్లి వలలో ఆగింది. సైరన్ మోగింది.

పరిగెత్తుకెళ్లి భుజం పట్టి కుదిపాను. ఆయన కళ్లు తెరవలేదు. అలవాటు ప్రకారం వంగి, తడుముకుంటూ వలలోని బంతిని అందుకుని, దాని కింద వేలుపెట్టి అందరికీ వినిపించేలా అన్నారు:

"ఆడతంది లా, పడుకో."

నవ్వులతో కంచె ఊగింది. మర్నాడు నరసమ్మ వచ్చి రేడియోను ఎత్తుకుంది. మావారు దుప్పటి తెచ్చి, "దానికి సలి" అంటూ చేతిలో పెట్టి, కొత్త బ్యాటరీ కూడా ఇచ్చి పంపారు.

మెర్డెకా నాడు నరసమ్మ ఇంట్లో మా రేడియో పూలదండ వేసుకుని పీట మీద కూర్చుంది. మేం చాప మీద, వెనక వరసలో, నల్లకోడి పక్కన కూర్చున్నాం. రేడియోలో జనం "మెర్డెకా!" అని హోరెత్తారు. లైనోళ్లందరూ కేకలేశారు. మావారు నా చెవి దగ్గరికి వంగారు.

"దేశానికి వచ్చింది లా. నా నిద్రకి ఎప్పుడొస్తాది?"

అందుచేత, ఉయ్యాల మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను: మా ఇంటి నిద్ర సంగతి ముందు చూసుకోకుండా ఏ జట్టు మీదా పందెం కాయను. ఆట ముందురోజు భూకంపం వచ్చినా మావారిని లేపను.

రేపు ఆట ఉంది. పాప మరీ కదలకుండా పడుకుంది. ఫర్వాలేదు, నేనే లేచి చూస్తాను. నాకేం భయం?

ఏమండీ... మెలకువగానే ఉన్నారా?