బిడ్డను తిట్టడానికి పర్ణశాల దాకా

పర్ణశాల దగ్గరి పల్లెలో నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి సుజాత మంచుమోకు పరీక్షకు నిలబడుతోందని కబురు రాగానే నా కాళ్లు నేల మీద నిలవలేదు. తెల్లవారుజామున పొగమంచును వేళ్లతో లాగి తాడుగా పేనే పని అది. ఆ తాడును ఎండాకాలంలో కుండ మెడకు చుడితే పొద్దుగూకే దాకా నీళ్లు చల్లగా ఉంటాయి. ఎంత గొప్ప పనో చూడండి! ఎర్రుపాలెం నుంచి ఖమ్మం చేరి, జూలూరుపాడు, కొత్తగూడెం మీదుగా వెళ్లే బస్సులో సాయంత్రానికి భద్రాచలం దిగాను. రాత్రికి అక్కడే పడుకుని, తెల్లవారకముందే ఆటో మాట్లాడుకున్నాను. ఆ వేళకు షేర్ ఆటోలు దొరకవు. ఒక్కడినే అయినా ఐదు వందలకు ఒప్పుకున్నాడు డ్రైవర్, బంగారం లాంటి మనిషి.

“మోకు పరీక్షకా పెద్దాయనా? మరి తిట్లు నేర్చుకొని వచ్చినవా?” అన్నాడు.

“తిట్లేంది?”

“గట్లంటవేంది! మెచ్చుకుంటే మోకు పొంగి ఊడిపోతది. దాన్ని బుస్సు పోవుడంటరు. తిడితేనే బిగుస్తది. ఆఖరి తిట్టు కన్నోళ్లదే. అది పడకుంటే పరీక్ష పోయినట్టే.”

పుట్టిన నాటి నుంచి ఆ పిల్లను ఒక్క మాట అనలేదు నేను.

ఊరి చివర కల్లంలో సుజాత అప్పటికే కూర్చుంది. తెల్లటి జివ్వలు, అంటే మంచు పోగులు, ఆమె వేళ్ల మధ్య పాలధారల్లా దిగుతున్నాయి. పని నేర్పిన బుచ్చమ్మ “ఏమే వంకర చేతులదానా, మోకు పేనుతున్నవా, ముగ్గు పోస్తున్నవా?” అన్నప్పుడల్లా తాడు కిర్రుమని బిగుస్తోంది. చూసి చూసి ఉండబట్టలేక “అబ్బ, నా తల్లే!” అన్నాను. అంతే! మూరెడు తాడు బుస్సున పొంగి పొగైపోయింది.

“ఓ పెద్దమనిషీ, బిడ్డ కొంప ముంచనీకే వచ్చినవా?” అంది బుచ్చమ్మ. సుజాత ఆ మూరెడూ మళ్లీ పేనింది. “ఎండొస్తుంది, ఆఖరి తిట్టు జల్దీ తిట్టు!” అని నన్ను తొందరపెట్టింది బుచ్చమ్మ.

“నువ్వు... నువ్వు దొంగదానివి!” అన్నాను. తాడు కదల్లేదు.

“అబద్ధం తిట్టు పట్టదయ్యా.”

ఎండ కల్లం అంచుకు వచ్చింది. సుజాత తాడు కొస పట్టుకుని నా వైపే చూస్తోంది. ఏమైందో నాకు, “జ్వరమొస్తే చెప్పవు! ఎప్పుడు ఫోన్ చేసినా బాగున్న అంటవ్! మేమేమన్నా పరాయోళ్లమా, మొండిదానా?” అని అరిచేశాను.

తాడు కిర్రుమంది. బుచ్చమ్మ రెండు చేతులా గుంజి చూసింది. చెక్కు చెదరలేదు. “అవ్, గిది తిట్టంటే! పాసైంది నీ బిడ్డ.”

సుజాత ఏడుస్తూనే నవ్వి, “ఇంకోటి అను నాయనా” అంది.

అంత మాట ఇన్నేళ్లుగా నా కడుపులో ఉందని నాకే తెలియదు. ఆ పూట తండ్రీబిడ్డలం గోదారి ఒడ్డున కూర్చుని, ఫోన్‌లో ఎన్నడూ చెప్పుకోనివన్నీ చెప్పుకున్నాం. అంత చక్కటి పని, అంత చక్కటి మనుషులు ఇంకెక్కడా ఉండరు. మీరూ వెళ్లాలనుకుంటే ముందు రోజే భద్రాచలం చేరండి, స్వెట్టర్ మరిచిపోకండి. మీవాళ్ల మీద నిజంగా ఉన్న కోపం ఒకటి వెంట తీసుకెళ్లండి.